రెండు కార్డుల్లోనూ 3584 కోర్లే, మరి ఏది కొనాలి?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ కార్డుల గురించే. అందుకని ప్రింటర్ల ప్రశ్నలూ వైఫై ప్రశ్నలూ వచ్చే నెలకు పెట్టి, మొత్తం జాగా వీటికే ఇస్తున్నాను. నెల్లూరులో నా సర్వీసు షాపుకు వచ్చేవాళ్లు అడిగేదీ ఇదే: పాత పెద్ద కార్డు, కొత్త చిన్న కార్డు, రేటు దగ్గర దగ్గర, ఏది మేలు? స్పెసిఫికేషన్ల కాగితం మీద ఉండే అంకెల్లో కొన్నిటిని తరం మారినా పోల్చుకోవచ్చు. కొన్నిటిని అసలు పోల్చకూడదు. ఈ తేడా తెలియక పిల్లలు కూడబెట్టుకున్న డబ్బు పోగొట్టుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న: అక్కా, నాది ఐ5 10400 సిస్టం, 450 వాట్ల లోకల్ ఎస్ఎంపీఎస్ (సిస్టానికి కరెంటు ఇచ్చే డబ్బా), ఫుల్ హెచ్‌డీ మానిటర్. గేమ్స్ కోసం కార్డు కావాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో వాడిన జీటీఎక్స్ 1080 టీఐ 11 జీబీ చూశాను. దాదాపు అదే రేటుకు ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ ఉంది, అదీ వాడినదే. రెండిట్లోనూ 3584 కుడా కోర్లే. పాతదానికి మెమరీ బస్ 352 బిట్, కొత్తదానికి 192 బిట్టే. అంటే పాతదే గట్టిది కదా? ఫ్రెండ్స్ మాత్రం కొత్తదే కొనమంటున్నారు.
— డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: తమ్ముడూ, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశావు, మంచి పని చేశావు. కుడా కోర్లంటే కార్డులో లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు. 3584 అన్నది రెండింటికీ నిజమే. కానీ ఆ రెండు 3584లు ఒకటి కావు.

రెండూ ఎన్విడియా కంపెనీ కార్డులే, ఆ కంపెనీ ఒక్కో తరం చిప్పులకు ఒక్కో పేరు పెడుతుంది. 1080 టీఐ 2017 మార్చిలో వచ్చిన పాస్కల్ తరం కార్డు. 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, అది ఆంపియర్ తరం. ఆంపియర్ దగ్గర కోర్లను లెక్కపెట్టే తీరే మారిపోయింది. దానికి ముందున్న ట్యూరింగ్ తరంలో దశాంశాల లెక్కలు చేసే భాగాలు వేరు, పూర్ణాంకాల లెక్కలు చేసే భాగాలు వేరు. మొదటి రకాన్ని మాత్రమే కోర్లు అనేవాళ్లు. ఆంపియర్‌లో రెండో రకం భాగాలు దశాంశాల లెక్కలు కూడా చేసేటట్టు కట్టి, వాటినీ కోర్ల కిందే జమ వేశారు. గేమ్ నడిచేటప్పుడు పూర్ణాంకాల పని ఎప్పుడూ కొంత ఉంటుంది. ఆ పనిలో ఉన్నంతసేపూ అవి దశాంశాల లెక్కలకు అందవు. 2019లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 2060లో 1920 కోర్లు, 3060లో 3584. కాగితం మీద దాదాపు రెట్టింపు. ఆటల్లో వచ్చిన లాభం మాత్రం అయిదో వంతు చుట్టుపక్కలే. కాబట్టి కోర్ల సంఖ్య ఒకే తరంలోని రెండు కార్డుల మధ్య పనికొస్తుంది, తరం దాటితే పనికిరాదు. పోటీ కంపెనీ ఏఎండీ వాళ్లు తమ కోర్లకు పెట్టుకున్న పేరు స్ట్రీమ్ ప్రాసెసర్లు, వాటిని ఎన్విడియా కోర్లతో పోల్చడం ఇంకా తప్పు.

ఇక మెమరీ బస్, అంటే చిప్పుకూ మెమరీకీ మధ్య డేటా నడిచే దారి వెడల్పు. కనుపూరు కాలువ ఎంత వెడల్పో ఒక్కటే చూసి చివరి పొలానికి ఎన్ని నీళ్లు అందుతాయో చెప్పలేం, ప్రవాహం వేగం కూడా తెలియాలి. ఇక్కడా అంతే. బస్ ఎన్ని బిట్లో దాన్ని 8తో భాగించి, మెమరీ వేగంతో గుణించాలి. 1080 టీఐలో 352ను 8తో భాగిస్తే 44, దాని మెమరీ వేగం 11 గిగాబిట్లు, గుణిస్తే సెకనుకు 484 జీబీ. 3060లో 192ను 8తో భాగిస్తే 24, వేగం 15, అంటే సెకనుకు 360 జీబీ. దీన్నే బ్యాండ్‌విడ్త్ అంటారు. ఈ అంకెను తరం మారినా పోల్చుకోవచ్చు. ఈ లెక్కలో నీ మాట నిజం, పాతదే పెద్దది. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) లేని పాత గేముల్లో ఈ రెండు కార్డులూ దాదాపు సమానంగా ఆడతాయి, కొన్ని చోట్ల 1080 టీఐ కాస్త ముందుంటుంది కూడా.

అయినా నేను 3060 వైపే మాట్లాడతాను. మొదటి కారణం డ్రైవర్, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్. పాస్కల్ తరానికి గేముల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. ఇకమీద వచ్చే గేములో ఏదైనా తేడా చేస్తే సరిచేసేవాళ్లు ఉండరు. రెండోది, 1080 టీఐలో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు, డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మను ఏఐతో పెద్దది చేసి గేము వేగం పెంచే సదుపాయం) పనిచెయ్యదు. ఈమధ్య వచ్చిన పెద్ద గేముల్లో కొన్ని రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేకపోతే అసలు నడవవు. 3060లో ఆ రెండూ ఉన్నాయి.

మూడోది కరెంటు. 1080 టీఐ 250 వాట్లు లాగుతుంది, 3060 170 వాట్లు. రోజుకు ఆరు గంటలు ఆడితే ఆ 80 వాట్ల తేడా నెలకు 14 యూనిట్లు దాటుతుంది. బిల్లు కన్నా నాకు ఎక్కువ భయం నీ ఎస్ఎంపీఎస్ మీద అబ్బయ్యా. 450 వాట్ల లోకల్ ఎస్ఎంపీఎస్‌కు 1080 టీఐ తగిలిస్తే, లోడు ఎక్కిన క్షణాన సిస్టం ఆగిపోవడమే కాదు, మదర్‌బోర్డును కూడా తీసుకుపోవచ్చు. 3060కి కూడా కంపెనీ చెప్పేది 550 వాట్లు. కార్డు డబ్బులో కొంత మిగుల్చుకుని ముందు మంచి కంపెనీ ఎస్ఎంపీఎస్ వేసుకో.

డబ్బు ఇచ్చేముందు ఒక్కటి చూడు. 3060 పేరుతోనే 8 జీబీ కార్డు కూడా ఉంది. దాని బస్ 128 బిట్, బ్యాండ్‌విడ్త్ 240 జీబీ. పేరూ కోర్లూ అవే కాబట్టి అమ్మేవాడు చెప్పకపోతే తెలియదు. షాపులోనే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిపించి, 12 జీబీ, 192 బిట్ అని కళ్లతో చూసుకో.

ప్రశ్న: మేడం, పెళ్లి వీడియోలు తీస్తాను. ఐ5 12400, 32 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు. పాత కెమెరా ఫుటేజీ బాగానే ఆడేది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాక ఎడిటింగ్ టైమ్‌లైన్ అడుగడుగునా ఆగిపోతోంది. హెచ్.265, 4:2:2, 10 బిట్‌లో తీస్తున్నాను. ఒంగోలులో ఒక షాపాయన 3060 వేస్తే సరిపోతుందంటున్నాడు, ఇంకొకాయన 4060 అంటున్నాడు. ముహూర్తాలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది.
— వీడియోగ్రాఫర్, పొదిలి

జవాబు: మీరు 3060 కొన్నా 4060 కొన్నా ఆ ఆగడం పోదండీ. దయచేసి కొనకుండా ఇది పూర్తిగా చదవండి.

కార్డులో గేములు ఆడించే కోర్లు వేరు, కెమెరా ఫైలును విప్పి చూపించే వీడియో డీకోడర్ వేరు. అది చిప్పులో ఒక మూల ఉండే చిన్న భాగం. అది ఏ రకం ఫైలును విప్పగలదో డబ్బా మీద రాయరు. మీ 1060 2016 నాటిది. హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో 4:2:0 రకాన్ని (రంగుల సమాచారం తక్కువ ఉండేది), 10 బిట్ అయినా సరే, సులువుగా విప్పుతుంది. మీ పాత కెమెరా తీసినది అదే రకం అయి ఉంటుంది. 4:2:2లో రంగుల సమాచారం దానికి రెట్టింపు ఉంటుంది. ఆ రకాన్ని విప్పే డీకోడర్ 1060లో లేదు, 3060లో లేదు, 4060లోనూ లేదు. ఎన్విడియాలో అది 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుస నుంచే మొదలైంది. అప్పటిదాకా ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. మీ టైమ్‌లైన్ ఆగేది అందుకే.

మీకు శుభవార్త ఏమిటంటే, కావలసిన డీకోడర్ మీ సిస్టంలో ఇప్పటికే ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే సొంత గ్రాఫిక్స్, డెస్క్‌టాపుల్లో 11వ తరం నుంచి, హెచ్.265 4:2:2 10 బిట్ ఫైళ్లను హార్డ్‌వేర్‌తోనే విప్పుతుంది. మీది 12400. పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ సొంత గ్రాఫిక్స్ ఉండేది కాదు, మీ దాంట్లో ఉంది. కార్డు పెట్టగానే చాలా మదర్‌బోర్డులు దాన్ని ఆపేస్తాయి. బయోస్‌లోకి (సిస్టం ఆన్ అయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఇంటర్నల్ గ్రాఫిక్స్‌ను ఎనేబుల్ చెయ్యండి. విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వెయ్యండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ కింద ఇంటెల్ క్విక్ సింక్‌ను ఎంచుకోండి. మానిటర్ కేబుల్ కార్డుకే ఉంచండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ జీపీయూ కింద వీడియో డీకోడ్ గ్రాఫు చూస్తూ క్లిప్పు ఆడించండి. గ్రాఫు పైకి లేస్తే పని అయిపోయినట్టే. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ అయి ఉండాలి. కొన్నిటి ఉచిత వెర్షన్లలో ఈ సదుపాయం పూర్తిగా ఇవ్వరు, అది ముందే చూసుకోండి. కుదరకపోతే సీజన్ గడిచేదాకా ప్రాక్సీ ఫైళ్లు (అదే ఫుటేజీకి తేలికైన చిన్న కాపీలు) చేసుకుని ఎడిట్ చెయ్యండి.

ఇదంతా హెచ్.265 ఫైళ్లకే. కెమెరాను హెచ్.264 4:2:2 10 బిట్‌కు మారిస్తే మీ ఇంటెల్ గ్రాఫిక్స్ దాన్ని విప్పలేదు, కాబట్టి ఇప్పుడున్న సెట్టింగే ఉంచండి.

కలర్ గ్రేడింగ్, నాయిస్ రిడక్షన్ ఎక్కువ చేస్తే మాత్రం ఏదో ఒక రోజు కార్డు మార్చాల్సి వస్తుంది. అప్పుడు ఈ పోలిక గుర్తుంచుకోండి. 3060లో 12 జీబీ మెమరీ, 192 బిట్, 170 వాట్లు. 4060లో 3072 కోర్లే, 8 జీబీ, 128 బిట్, 272 జీబీ బ్యాండ్‌విడ్త్. అంకెలన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి. అయినా 115 వాట్లతోనే గేముల్లో 3060ని దాటిపోతుంది. చిప్పు లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ, అంటే ఎల్2 క్యాష్, 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెరిగింది, అందువల్ల మెమరీ దాకా వెళ్లే పని తగ్గింది. క్లాకు, అంటే చిప్పు తిరిగే వేగం, కూడా బాగా ఎక్కువ. కానీ 4కేలో నాయిస్ రిడక్షన్ వేసి 8 జీబీ నిండిపోయిందంటే ఆ క్యాష్ ఆదుకోదు. మీ పనికి ఈ రెండిట్లో నేను 12 జీబీ 3060నే ఎంచుతాను. బడ్జెట్ పెరిగితే 5060 టీఐ 16 జీబీ చూడండి. మెమరీ, డీకోడర్ రెండూ అందులో ఉన్నాయి.

ప్రశ్న: నా జీటీఎక్స్ 1650 స్పెక్‌లో బూస్ట్ క్లాక్ 1665 మెగాహెర్ట్జ్ అని ఉంది. మధ్యాహ్నం గేమ్ ఆడితే 1300 దాటడం లేదు. కొత్త కార్డులకు 2400 పైన రాస్తున్నారు. మార్చెయ్యనా?
— గ్రానైట్ యూనిట్ సూపర్‌వైజర్, చీమకుర్తి

జవాబు: మార్చకండి, ముందు కార్డు కడుపులో దుమ్ము తియ్యండి. బూస్ట్ క్లాక్ అన్నది వేడి, వాట్లు అదుపులో ఉన్నంతవరకే అందే వేగం. చీమకుర్తిలో రాయి కోసే సన్నటి పొడి హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటే, మే నెల మధ్యాహ్నం ఏ కార్డూ ఆ అంకెను అందుకోలేదు. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి పట్టండి. చిప్పు వేడిని హీట్‌సింక్‌కు అందించే పేస్ట్ ఎండిపోయి ఉంటే అదీ మార్పించండి. క్లాకును కూడా తరం దాటి పోల్చకూడదు. 1080 టీఐ బూస్ట్ 1582, అయినా మీ 1665 కార్డుకు రెట్టింపు పైగా పని చేస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా వాడు ఇంటరు. ఇంట్లో ఆఫీసు రకం పాత సన్న సీపీయూ ఉంది, ఐ5 నాలుగో తరం, 240 వాట్ల ఎస్ఎంపీఎస్, మానిటర్‌కు వీజీఏ వైరు. జీటీ 1030 కార్డు అడుగుతున్నాడు. షాపులో ఒకే పేరుతో రెండు చూపించారు, రెండూ 2 జీబీయే, ఒకటి చవక. చవకది తీసుకోవచ్చా?
— రైతు, ఆత్మకూరు

జవాబు: వద్దు బాబాయిగారూ. డబ్బా మీద చిన్న అక్షరాల్లో మెమరీ రకం రాస్తారు, ఒకదానిపై జీడీడీఆర్5 అనీ, చవకదానిపై డీడీఆర్4 అనీ ఉంటుంది. రెండిట్లోనూ 384 కోర్లే, 64 బిట్ బస్సే. కానీ 2017లో వచ్చిన మొదటిదాని బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 జీబీ. మరుసటి ఏడు అదే పేరుతో వచ్చిన డీడీఆర్4ది 17 జీబీ కూడా లేదు. మూడో వంతు మెమరీ వేగంతో ఉన్న కార్డుకు అదే పేరు పెట్టి అమ్మడం అన్యాయమని నేను ఎప్పుడూ చెబుతూనే ఉన్నాను.

అసలు అబ్బాయికి గేములు కావాలంటే 1030 ఏదైనా నిరాశే మిగులుస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లతో నడుస్తుంది. చాలా మోడళ్లకు ఎస్ఎంపీఎస్ నుంచి వేరే వైరు అక్కర్లేదు, స్లాట్ ఇచ్చే 75 వాట్లు చాలు. మీ సన్న సీపీయూలో పట్టాలంటే లో ప్రొఫైల్ (పొట్టి రకం కార్డు) అని అడగాలి. అయినా 240 వాట్ల పాత ఎస్ఎంపీఎస్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఎవరికైనా చూపించాకే కొనండి. మీ మానిటర్ వైరు ఈ కార్డులకు నేరుగా తగలదు. ఎన్విడియా పాస్కల్ తరం నుంచి వీజీఏకి కావలసిన అనలాగ్ అవుట్‌పుట్ తీసేసింది. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కొనుక్కోవాలి, దానికి పెద్ద ఖర్చు కాదు.

ప్రశ్న: అక్కా, బీటెక్ మూడో సంవత్సరం, ఏఐ-ఎంఎల్ బ్రాంచి. పొగాకు అమ్మిన డబ్బులతో నాన్న కంప్యూటర్ కొనిస్తానన్నారు. ఆర్‌టీఎక్స్ 3060 ఉన్న ల్యాప్‌టాప్‌లో 3840 కోర్లు, డెస్క్‌టాప్ 3060లో 3584. అంటే ల్యాప్‌టాపే బలమైనదా? సీనియర్ ఒకతను తన జీటీఎక్స్ 1070 8 జీబీ తక్కువకు ఇస్తానంటున్నాడు.
— విద్యార్థిని, ఒంగోలు

జవాబు: తల్లీ, ఈ రెండు 3060లూ ఒకే తరానివి కాబట్టి కోర్లను పోల్చవచ్చు. కానీ ల్యాప్‌టాప్ కార్డుకు వాట్లు కట్టేస్తారు. కంపెనీని బట్టి 60 వాట్లతో నడిచేదీ ఉంది, 115తో నడిచేదీ ఉంది. డెస్క్‌టాప్‌ది 170. ఎక్కువ కోర్లు ఉన్నా వాట్లు లేకపోతే అవి నెమ్మదిగా తిరుగుతాయి. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు కార్డు పేరు కాదు, దానికి ఎన్ని వాట్లు ఇచ్చారో అడుగు.

నీ చదువుకు అంతకన్నా ముఖ్యమైన తేడా మెమరీ. ల్యాప్‌టాప్ 3060లో 6 జీబీ, డెస్క్‌టాప్‌లో 12. గేముకు మెమరీ చాలకపోతే సెట్టింగులు తగ్గించి ఆడుకోవచ్చు, మోడల్ పట్టకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 700 కోట్ల పారామీటర్ల భాషా మోడల్‌ను 16 బిట్లలో లోడ్ చేస్తే దాని బరువే 14 జీబీ. 4 బిట్లకు కుదిస్తే మూడున్నర జీబీ, పైన పని చేసుకోవడానికి మరికొంత. 12 జీబీలో ఇలాంటివి ఊపిరాడేలా చేసుకోవచ్చు, 6లో ప్రతిసారీ అవస్థే.

సీనియర్ 1070 మాత్రం తీసుకోవద్దు. 8 జీబీ, 256 జీబీ బ్యాండ్‌విడ్త్ చూస్తే బాగానే ఉంటుంది. కానీ 2016 పాస్కల్ కార్డుకు టెన్సర్ కోర్లు (ఏఐ లెక్కలు వేగంగా చేసే భాగాలు) లేవు, పైగా ఎన్విడియా కార్డుల మీద ఏఐ ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్ కుడాలో, 2025లో వచ్చిన కుడా 13 నుంచి పాస్కల్ తరాన్ని తీసేశారు. కొత్త లైబ్రరీలు ఒక్కొక్కటీ దానిమీద ఎక్కడం మానేస్తాయి. కాలేజీకి రోజూ మోసుకెళ్లే అవసరం లేకపోతే 3060 12 జీబీ డెస్క్‌టాప్ కట్టించుకో. తొందర లేకపోతే అదీ ఇప్పుడే వద్దు. గూగుల్ కోలాబ్, కాగుల్ అనే ఆన్‌లైన్ సేవలు రెండూ 16 జీబీ మెమరీ ఉన్న టీ4 కార్డును గంటల పరిమితితో ఉచితంగా వాడుకోనిస్తాయి. ఒక సెమిస్టరు దానిమీద పని చేసి చూడు, నీ మోడళ్లకు ఎంత మెమరీ పడుతోందో అంకె చేతికొస్తుంది. నాన్నకు ఆ అంకె చూపించి అడుగు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ కొన్నాను. విండోస్‌లో పేరు అదే చూపిస్తోంది. కానీ పాత గేములు కూడా ఆడటం లేదు, కంపెనీ డ్రైవర్ వేస్తే సిస్టం ఆగిపోతోంది. వీజీఏ సాకెట్ కూడా ఉంది. కార్డు పాడైందా?
— ప్రైవేటు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: పాడవలేదండీ, అది 1050 టీఐయే కాదనిపిస్తోంది. 2016 అక్టోబరులో వచ్చిన అసలు 1050 టీఐలో 768 కోర్లు, 128 బిట్ బస్, 112 జీబీ బ్యాండ్‌విడ్త్ ఉంటాయి. పాస్కల్ చిప్పు వీజీఏకి అనలాగ్ సిగ్నల్ పంపలేదు. మీ కార్డుకు వీజీఏ సాకెట్ ఉందంటే అనుమానం అక్కడే మొదలవ్వాలి. 2010, 2011 నాటి జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటి కార్డుల సొంత బయోస్ (కార్డు పేరు, వివరాలు దాచుకునే ప్రోగ్రామ్) మార్చి, వాటికి కొత్త పేరు రాసి అమ్మే మోసం చాలాకాలంగా నడుస్తోంది. విండోస్ ఆ బయోస్‌లో రాసిన పేరునే నమ్మి చూపిస్తుంది. ఆ పాత తరానికి డ్రైవర్లు 2018లోనే ఆగిపోయాయి. మీ డ్రైవర్ నిలబడకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

జీపీయూ-జెడ్ తెరవండి. ఇలాంటి నకిలీ కార్డుల పేరు ముందు ఫేక్ అని అదే చూపిస్తుంది. కోర్లు 192 అని ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఆ తెర ఫొటో, కార్డు ఫొటో, బిల్లు మూడూ పెట్టి ఈరోజే రిటర్న్ అడగండి, గడువు దాటనివ్వకండి. అమ్మినవాళ్లు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. కార్డును మాత్రం విప్పకండి, స్టిక్కర్లు పీకకండి. అవి చిరిగితే తప్పు మీమీదకే తోస్తారు.